గట్టు మీద ఈత, గదిలో బైకు: హెల్మెట్ సిమ్యులేటర్‌పై మీ హక్కులు, నిబంధనలు

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. కొత్తగా బండి నేర్చుకునేవారు తొలి తప్పులు రోడ్డు మీద కాకుండా గదిలోనే చేసేస్తే ప్రాణాలు దక్కుతాయన్న ఆలోచనతో వచ్చిందే బైక్ సిమ్యులేటర్. ఇప్పుడు దానికి హెల్మెట్‌లా తలకు తగిలించుకునే తెర కూడా తోడైంది. డ్రైవింగ్ స్కూలుకు వెళ్లినా, మాల్‌లోని గేమ్ జోన్‌కు వెళ్లినా ఇలాంటి యంత్రం ఎదురైతే చాలా సందేహాలు వస్తాయి. తరచూ వచ్చేవి, జవాబులతో సహా ఇవి.

యంత్రం సంగతి

1. ఇది ఎలా పనిచేస్తుంది? మామూలు టీవీ తెర ఉన్నదానికీ దీనికీ తేడా ఏమిటి?

కదలని స్టాండు మీద బైకు హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్టులు ఉంటాయి. యాక్సిలరేటర్ ఎంత తిప్పారో, క్లచ్, బ్రేకులు, గేర్ పెడల్ ఎంత నొక్కారో సెన్సర్లు కంప్యూటర్‌కు చెబుతాయి. ఖరీదైన వాటిలో సీటు కూడా పక్కకు ఒరుగుతుంది. తలకు పెట్టుకునే పరికరంలో ఒక్కో కంటికి ఒక్కో దృశ్యం కనబడుతుంది. మీరు తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది. తలతో పాటు దృశ్యం మారే తెరను 1968లోనే అమెరికాలో ఐవాన్ సదర్‌ల్యాండ్ తయారు చేశాడు. బైకు శిక్షణకు సిమ్యులేటర్లను తెచ్చినవారిలో జపాన్‌కు చెందిన హోండా ముందు వరుసలో ఉంది. ఆ సంస్థ మన దేశంలోనూ ట్రాఫిక్ శిక్షణ పార్కుల్లో వర్చువల్ రైడింగ్ సిమ్యులేటర్‌తో ప్రమాదాలను ముందే పసిగట్టడం నేర్పిస్తోంది.

తేడా ఎక్కువగా తెలిసేది పక్కకు, వెనక్కు చూడటంలో. లేన్ మారే ముందు భుజం మీదుగా వెనక్కు చూసే అలవాటు ఎదురుగా ఉన్న ఒక్క టీవీ తెరతో రాదు. తలకు పెట్టుకునే తెరతో వస్తుంది.

2. సిమ్యులేటర్ మీద బాగా నడిపాను. ఇక నేరుగా రోడ్డెక్కవచ్చా?

ఎక్కకూడదు. గట్టు మీద చేతులాడించి ఈత నేర్చుకున్నవాడిని చెరువులోకి తోస్తే ఏమవుతుందో ఇదీ అంతే. ఎదురుగాలి, ఇసుక మీద టైరు జారడం, వెనక కూర్చున్న మనిషి బరువు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒళ్లు ముందుకు తూలడం లాంటివి స్టాండు మీద అనుభవంలోకి రావు. వేగంలో ఎడమకు ఒరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెట్టాలి. ఈ కిటుకు ఒంటికి పట్టాలంటే నిజం బండే కావాలి.

సిమ్యులేటర్ బాగా నేర్పేది కంటికి, బుద్ధికి సంబంధించిన పని. ఆగి ఉన్న బస్సు చాటు నుంచి పిల్లవాడు పరుగెత్తుకొస్తాడని, పక్కన ఆపిన కారు తలుపు తెరుచుకుంటుందని ముందే ఊహించడం నేర్పుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యమైతే బ్రేకు మీద చెయ్యి పడేలోపే బండి 11 మీటర్లు వెళ్లిపోతుంది. ఈ లెక్కను దెబ్బ తగలకుండా కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

లైసెన్స్ సంగతి

3. సిమ్యులేటర్ మీద కూర్చోవడానికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) కావాలా?

అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ‘మోటారు వాహనం’ అంటే రోడ్డు మీద వాడేందుకు అనువైనది, యంత్రబలంతో నడిచేది. గదిలో బిగించిన స్టాండు ఈ నిర్వచనంలోకి రాదు. అందుకే దానికి లైసెన్స్, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అడగరు. ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయకముందే సాధన మొదలుపెట్టవచ్చు.

4. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగాలంటారు. సిమ్యులేటర్ గంటలు చూపిస్తే ఆ గడువు తగ్గుతుందా?

తగ్గదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 15వ నిబంధన ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని కనీసం 30 రోజులు నిండాకే డ్రైవింగ్ టెస్టుకు వెళ్లాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఈలోగా సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు గడిపినా తేదీల లెక్క మారదు.

5. “మా దగ్గర సిమ్యులేటర్ ఉంది, ఆర్టీవో టెస్టు లేకుండానే లైసెన్స్” అంటున్నారు. నమ్మవచ్చా?

సిమ్యులేటర్ ఉన్నంత మాత్రాన టెస్టు మినహాయింపు రాదు. స్కూలు ఏ కోవకు చెందిందో చూడాలి. ఇవి రెండు రకాలు.

మొదటిది, 24వ నిబంధన కింద లైసెన్స్ పొందిన మామూలు డ్రైవింగ్ స్కూలు. ఇది ఫారం 5లో సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ కాగితం ఉన్నా టెస్టు తప్పదు.

రెండోది, 31బి నుంచి 31జె వరకు ఉన్న నిబంధనల కింద గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రం. ఈ నిబంధనలు 2021 జూలై 1న అమల్లోకి వచ్చాయి. ఇలాంటి కేంద్రంలో సిమ్యులేటర్, సొంత టెస్టు ట్రాక్ తప్పనిసరి. ద్విచక్ర, త్రిచక్ర, తేలికపాటి వాహనాల శిక్షణకైతే కనీసం ఒక ఎకరం స్థలం ఉండాలి. అక్కడ శిక్షణ పూర్తి చేసి, పరీక్ష పాసైతే ఫారం 5బి ఇస్తారు. ఆర్టీవో టెస్టు మినహాయింపు ఈ ఫారానికే ఉంది. అప్పుడు కూడా లైసెన్స్ ఇచ్చే అధికారం రవాణా శాఖదే, శిక్షణ కేంద్రానిది కాదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “మీరిచ్చేది ఫారం 5నా, 5బినా?” సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

6. ఆ స్కూలుకు నిజంగా గుర్తింపు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మామూలు స్కూలుకైతే ఫారం 11లో ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. అందరికీ కనిపించేలా దాన్ని పెట్టాలి. దాని మీద పేరు, చిరునామా, గడువు చూడండి. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రమైతే గుర్తింపు పత్రం, అందులో ద్విచక్ర వాహనాల శిక్షణ ఉందా అన్నది చూడండి. ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. అనుమానం తీరకపోతే మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడగండి. అక్కడా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

7. టెస్టులో మూడుసార్లు ఫెయిలయ్యాను. సిమ్యులేటర్ శిక్షణ పనికొస్తుందా?

ఒకసారి ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు ఫెయిలైతే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ ప్రకారం ఈలోగా చట్టంలోని 12వ సెక్షన్ కింద నడిచే స్కూల్లో దిద్దుబాటు కోర్సు కూడా పూర్తి చేయాలి. ఆ స్కూల్లో సిమ్యులేటర్ పాఠం ఉంటే మేలే. గేమ్ జోన్‌లో ఆడిన గంటలు మాత్రం ఈ కోర్సు కిందకు రావు. ఎనిమిది ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిప్పలేకే మీరు ఫెయిలై ఉంటే ఆ సాధన నిజం బండి మీద చేయాల్సిందే. నెమ్మదిగా వెళ్తూ బండిని నిలబెట్టడం స్టాండు మీద రాదు.

8. గదిలో పాఠం అయ్యాక రోడ్డు మీద సాధన చేయాలంటే నిబంధనలేమిటి?

చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్లటి నేపథ్యం మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. వెనక కూర్చునేది నేర్పించే మనిషి మాత్రమే, ఆయనకు ఆ రకం బండికి లైసెన్స్ ఉండాలి. స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉంటాయి.

డబ్బు, రసీదు

9. ఫీజు కట్టే ముందు ఏమేం అడగాలి?

కోర్సులో సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు, నిజం బండి మీద ఎన్ని గంటలు అని విడివిడిగా రాయించుకోండి. రెండింటినీ కలిపి ‘ప్రాక్టికల్’ అని ఒకే అంకె చెబితే చాలా భాగం గదిలోనే అయిపోవచ్చు. గేరు బండికా, గేరు లేనిదానికా అన్నది కూడా రాయించండి.

సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి చూపించమనండి. అమెరికా, యూరప్ రోడ్ల కోసం తయారైన వాటిలో ట్రాఫిక్ కుడివైపు నడుస్తుంది. అందులో నేర్చుకుంటే కూడలి దగ్గర ముందు ఎటు చూడాలన్న అలవాటే తారుమారవుతుంది. మనకు ఎడమవైపు ట్రాఫిక్ ఉన్నదే కావాలి. ఎదురు దిశలో వచ్చే బండ్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మీద పశువులు కూడా అందులో ఉంటే ఇంకా మంచిది.

10. రెండు రోజులకే యంత్రం పాడైంది. డబ్బు వెనక్కి అడగవచ్చా?

అడగవచ్చు. డబ్బు తీసుకుని ఇస్తామన్న సేవ ఇవ్వకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవాలోపం. లోపమున్న సేవకు తీసుకున్న సొమ్ము రసీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. “ఫోన్‌పే చేశారు కదా, రసీదు ఎందుకు” అంటే ఊరుకోకండి.

11. ప్రకటనలో ‘వారంలో లైసెన్స్ గ్యారంటీ’ అని రాశారు. అది తప్పా?

తప్పే. 30 రోజుల గడువు ఉండగా వారంలో లైసెన్స్ అనేదే అబద్ధం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు వేయవచ్చు. ఆ ప్రకటనను ఫోటో తీసి దాచుకోండి.

ఒంటి సంగతి

12. తెర పెట్టుకున్న కాసేపటికే కళ్లు తిరిగి వికారం వచ్చింది. నాలో ఏదైనా లోపమా?

లోపమేమీ కాదు. బండి ఒరుగుతోందని కన్ను చెబుతుంది. కదలిక ఏమీ లేదని లోపలి చెవి చెబుతుంది. ఈ రెండు కబుర్లూ కలవక వచ్చే వికారమిది. తల తిప్పినదానికీ దృశ్యం మారినదానికీ మధ్య ఆలస్యం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. మధ్యలో ఆపమని అడిగే హక్కు మీకుంది. ఓర్చుకుని కొనసాగించకండి. తర్వాత కళ్లు తేటపడేదాకా కూర్చోండి. ఆ స్థితిలో సొంత బండి మీద ఇంటికి బయలుదేరవద్దు.

13. ఎవరు దూరంగా ఉండాలి?

మూర్ఛ ఉన్నవారు, మెరిసే వెలుగులకు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవారు డాక్టర్ని అడగకుండా పెట్టుకోకూడదు. తయారీదారులే ఈ హెచ్చరిక ఇస్తారు. కూర్చునే ముందు నిర్వాహకులు ఈ విషయం అడగాలి, అడగకపోతే మీరే చెప్పండి. లైసెన్స్ దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1 స్వీయ ధ్రువీకరణలోనూ మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గురించి ప్రశ్న ఉంది. అక్కడ దాచడం మీకూ ముప్పే, ఎదుటివారికీ ముప్పే.

పరికరం ఒకరి తల మీద నుంచి మరొకరి తల మీదకు పోతుంది కాబట్టి ముఖానికి ఆనే మెత్తను తుడిచి ఇమ్మని అడగండి. కళ్లకలక ఉన్న రోజుల్లో అటు వెళ్లకండి.

14. సిమ్యులేటర్ మీద నుంచి పడి దెబ్బ తగిలితే పరిహారం ఎక్కడ అడగాలి?

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కాదు. అది మోటారు వాహనాల వల్ల జరిగిన ప్రమాదాల కోసమే. మూడో ప్రశ్నలో చెప్పినట్టు ఇది మోటారు వాహనం కాదు, కాబట్టి వాహన బీమా కూడా వర్తించదు. మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. బెల్టు బిగించకపోవడం, పక్కన మనిషి లేకపోవడం సేవాలోపం కిందకు వస్తాయి. యంత్రంలోనే లోపముంటే తయారీదారు మీద ఉత్పత్తి బాధ్యత కింద పరిహారం కోరవచ్చు. డాక్టర్ చీటీలు, బిల్లులు, ఆ రోజు తీసిన ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

15. ‘ఏం జరిగినా మా బాధ్యత లేదు’ అన్న కాగితం మీద ముందే సంతకం పెట్టించుకున్నారు. ఇక అంతేనా?

అంతే కాదు. ఆ సంతకం వాళ్ల నిర్లక్ష్యానికి లైసెన్సు కాదు. వినియోగదారుడి హక్కులను బాగా దెబ్బతీసే ఏకపక్ష షరతులను అన్యాయ ఒప్పందంగా ప్రశ్నించే వీలు 2019 చట్టంలో ఉంది. అలాంటి ఒప్పందాల మీద ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ వింటుంది. జరిగిన సేవాలోపానికి జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు.

పిల్లల సంగతి

16. మా అబ్బాయికి 15 ఏళ్లు. సిమ్యులేటర్ నేర్పించవచ్చా?

నేర్పించవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. చిన్నపిల్లలకు మాత్రం తయారీదారులు వయసు పరిమితి పెట్టారు. సోనీ ప్లేస్టేషన్ వీఆర్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దంటుంది. మీ ముందున్న పరికరానికి ఎంత వయసు రాశారో అడగండి.

అసలు జాగ్రత్త దాని తర్వాత మొదలవుతుంది. గదిలో గెలిచిన పిల్లవాడు ఇంట్లో బండి తాళం అడుగుతాడు. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు చట్టం అనుమతించేది 50 సీసీలోపు ఇంజిను బండికే. మైనరు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మీ వివరాల సంగతి

17. నా చూపు, తల కదలికలు కూడా యంత్రం నమోదు చేస్తుందట. అది ఎవరి సొత్తు?

ఎటు చూశారు, ఎంత ఆలస్యంగా బ్రేకు వేశారు, ఎన్నిసార్లు గుద్దారు అన్నవి మీ పేరు, ఫోన్ నంబరుతో కలిసి ఉంటే అవి వ్యక్తిగత డేటా. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థల మీద పడే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అప్పటి నుంచి ఏం తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పి సమ్మతి అడగాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, వివరాలు చెరిపేయమని కోరవచ్చు. 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లలను వెంటాడే ప్రకటనలకు ఆ డేటా వాడకూడదు.

గడువు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో ‘నా వివరాలు ఇతరులకు ఇవ్వవద్దు’ అని ఇప్పుడే రాయండి.

రోడ్డు మీద

18. సిమ్యులేటర్ హెల్మెట్‌ను రోడ్డు మీద పెట్టుకోవచ్చా?

ఎంత మాత్రం కుదరదు. అది పేరుకే హెల్మెట్. దెబ్బ నుంచి తలను కాపాడేందుకు తయారైనది కాదు, పైగా కళ్లు మూసేస్తుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కోరేది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాల హెల్మెట్‌ను. ద్విచక్ర వాహనాల హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్స్‌కు అనర్హత. అక్కడికక్కడే కట్టే చలానా మొత్తాన్ని మాత్రం రాష్ట్రాలు జీవోలతో నిర్ణయిస్తాయి.

19. అద్దంలోనే దారి, వేగం చూపించే స్మార్ట్ హెల్మెట్లు వస్తున్నాయి. కొనవచ్చా?

కొనే ముందు రెండు చూడండి. ఒకటి, హెల్మెట్‌కే ఐఎస్ఐ గుర్తు ఉందా? విదేశీ ప్రమాణం ఉన్నా మన దగ్గర అది చాలదు. రెండు, తెర మీద కనిపించేది ఏమిటి? చేతిలో పట్టుకునే ఫోన్‌ను బండి నడుపుతూ దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. స్మార్ట్ హెల్మెట్‌కూ అదే గీత పెట్టుకోండి. కంటి ముందు వీడియో ఆడించడం తెలిసి తెలిసి ప్రమాదాన్ని పిలవడమే.

ముందే పూర్తి సొమ్ము కట్టకండి. అమెరికాలో స్కల్లీ అనే సంస్థ ఇలాంటి హెల్మెట్ తెస్తామని 2014లో జనం దగ్గర 24 లక్షల డాలర్లు సేకరించింది. 2016లో మూతపడింది. డబ్బు కట్టినవారిలో చాలామందికి హెల్మెట్ అందలేదు.

ఫిర్యాదు

20. అన్యాయం జరిగిందనుకుంటే ఎక్కడికి వెళ్లాలి?

ముందు స్కూలుకో, నిర్వాహకుడికో రాతపూర్వకంగా ఇవ్వండి. వాట్సాప్ సందేశం కూడా సాక్ష్యమే. పది పదిహేను రోజుల్లో పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తెగకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, సంస్థ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. స్కూలు లైసెన్స్ విషయంలో మోసమైతే జిల్లా రవాణా అధికారికి వేరుగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ లైసెన్స్‌ను నిలిపివేసే, రద్దు చేసే అధికారం రవాణా శాఖకు ఉంది.

సిమ్యులేటర్ మంచి గురువే, కానీ లైసెన్స్ ఇచ్చే అధికారి కాదు. ఫీజు కట్టే ముందు ఫారం 5నా, 5బినా అని అడగండి. సిమ్యులేటర్ గంటలు, బండి గంటలు రసీదు మీద విడిగా రాయించండి. రోడ్డెక్కే రోజు తల మీద ఐఎస్ఐ హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి.